‘తెలుగు సినిమాలో స్త్రీ’ అంశం డిగ్రీ ప్రాజెక్టుకు సరిపోతుందా?

తమ్మీ, ఫైనలియర్ ఫిల్మ్ స్టడీస్ ప్రాజెక్టుకు ‘తెలుగు సినిమాలో స్త్రీ’ తీసుకోవచ్చా అని అడిగావు. వద్దు. ఎన్ని సినిమాలు చూసినా ఇంకో వంద మిగిలే ఉంటాయి. చివరికి అందరికీ తెలిసిన మాటలే రాయాల్సి వస్తుంది.

స్త్రీ గురించే చేయాలనుంటే బి. నర్సింగరావు గారి ‘దాసి’ (1988) ఒక్కటి చాలు. అర్చనకు జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిన సినిమా. గడీలో, అంటే దొర కోటలాంటి ఇంట్లో, దాసి కమలాక్షి (అర్చన పాత్ర) ఏ గడప దాకా వెళ్లగలదు? ఎక్కడ ఆగిపోతుంది? నోట్‌బుక్ పెట్టుకుని, సీను సీనుకూ టైమ్ రాసుకుంటూ చూడు. ఇంకా ఓపికుంటే ‘మా భూమి’లో దొర గడీని ఎలా చూపించారో పక్కన పెట్టి పోల్చు.

నా పీజీ ప్రాజెక్టు నల్గొండ సినిమా హాళ్ల మీద. అందులోనూ ఒకే ప్రశ్న: ప్రొజెక్టర్ మారేకొద్దీ ఆపరేటర్ పని ఎలా మారింది? రిటైరైన ఒక ఆపరేటర్ గారు కార్బన్ కడ్డీల రోజులను చేతులతో చూపిస్తూ చెప్పారు. రెండు కడ్డీల కొనల మధ్య మండే మంటే తెరకు వెలుతురు. అవి అరిగేకొద్దీ దగ్గరికి జరపకపోతే బొమ్మ మసకబారి, నేల టికెట్టోళ్లు ఈలలేస్తారు. రీలు అయిపోతోందని చెప్పే చుక్క తెర కుడి పైమూలన కనబడగానే రెండో ప్రొజెక్టర్‌కు మారాలి. వైవాలో నన్ను అడిగినవన్నీ ఈ భాగం మీదే. ఇలాంటి పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు, వాళ్లను ఇప్పుడే కలవాలి. ఫోన్‌లో రికార్డు చేసే ముందు మాత్రం తప్పకుండా అడుగు.

నన్నడిగితే నీకు అన్నిటికన్నా మంచిది ‘మల్లేశం’ (2019). ఆసు అంటే చీర నేసే ముందు దారాన్ని మేకుల చుట్టూ చేత్తో తిప్పే పని. దానికి యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారి కథే ఈ సినిమా, ఆయనది మన ఆలేరు వైపే. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. తల్లి భుజం నొప్పి చూడలేక ఆయన ఆ యంత్రం మొదలుపెట్టారు. చేత్తో ఆసు పోసిన అమ్మ ఎవరైనా పోచంపల్లిలో దొరికితే, పక్కన కూర్చుని ఆ సీన్లు చూపించు. ఎక్కడ తలూపుతుందో, ఎక్కడ “గట్ల చెయ్యరు బిడ్డా” అంటుందో రాసుకో. శ్రమను సినిమా ఎంత నిజంగా చూపించిందన్నదే నీ ప్రశ్న అవుతుంది. దానికి సాక్ష్యం నీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఉండదు.

గైడ్ దగ్గరికి టైటిల్‌తో కాదు, ఆ ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకుని వెళ్లు.