పైనున్న యారాలితో మీకు మాటలెందుకు లేవు?

ప్రశ్న: నా వయసు 47. అనంతపురంలో సొంతిల్లు. కింద మేము, పైన మరిది వాళ్లు. అత్త మాతోనే ఉంటుంది. నా యారాలు నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది. రెండేళ్లుగా యోగా క్లాసుకు పోతోంది, ఎనిమిది కిలోలు తగ్గింది. మా ఆయన అన్నానికి కూర్చున్నప్పుడల్లా ‘పైన ఆయమ్మను చూసి నేర్చుకో’ అంటారు. అందుకే నేనూ చేరాను. రథసప్తమికి అందరూ 108 సూర్య నమస్కారాలు చేస్తుంటే పంతానికి 60 దాకా లాగాను. నడుమూ మణికట్లూ పట్టేశాయి. అప్పటినుంచి క్లాసు మానేశాను. యారాలు వేడినీళ్ల సంచి పట్టుకొచ్చి ‘ఎట్లుందక్కా?’ అంది. ఎగతాళికే అడిగిందని నాకు తెలుసు. ఆ తర్వాత మాట్లాడలేదు. థైరాయిడ్‌కీ బీపీకీ మాత్రలు వాడుతున్నాను. రాత్రిళ్లు ఆడవాళ్ల యోగా వీడియోలు చూస్తే రేపే మొదలుపెట్టాలనిపిస్తుంది, తెల్లారితే లేవబుద్ధి కాదు. కోయంబత్తూరు యోగా గురువు నానమ్మాళ్ గారు 90 దాటాక కూడా ఆసనాలు చేశారట. స్ఫూర్తి తగ్గకుండా ఉండాలంటే ఎవరి వీడియోలు చూడాలి? ఎలాంటి మ్యాట్ కొనాలి? – ఒక సోదరి, అనంతపురం

జవాబు: ఎవరివీ చూడొద్దు. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ పట్టుకుంటే తెల్లారి లేవలేకపోవడానికి కారణం నిద్ర చాలకపోవడమే. ఆ ప్రశ్న అక్కడితో సరి.

నానమ్మాళ్ గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది, మరుసటి ఏడాది 99 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆవిడ చిన్ననాడే ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్న మనిషి. నలభై దాటి మొదలుపెట్టినవాళ్లు ఆమె వీడియో ముందు కూర్చుంటే మిగిలేది దిగులే. దూరాన ఎవరో ఒకరు కావాలంటే ఫ్రాన్స్‌లోని షార్లెట్ చోపిన్ గారిని తలుచుకోండి. ఆమె యోగా మొదలుపెట్టిందే 50వ ఏట. నూరేళ్లు దాటాక, 2024లో, మన పద్మశ్రీ అందుకుంది. మీకింకా మూడేళ్లు టైముంది.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో యోగా తక్కువ, యారాలు ఎక్కువ. క్లాసులో చేరింది ఆమె మీద పోటీకి, 60 దాకా లాగింది ఆమె ముందు తగ్గకూడదని, మానేసింది ఆమెకు మొహం చూపించలేక. మీ ఒంటి కోసం మీరు చేసింది ఇందులో ఏమీ లేదు. వేడినీళ్ల సంచి తెచ్చిన మనిషి ఎగతాళికి తెచ్చిందని ఎట్లా తెలిసింది మీకు? ఎగతాళి చేసేవాళ్లు మెట్లు దిగి రారమ్మా, పైనుంచే నవ్వుకుంటారు. మిమ్మల్ని నొప్పించింది మీ ఆయన మాట. ఆ కోపం ఆయన మీద చూపలేక ఆమె మీద చూపించారు. ఇద్దరు కోడళ్లను పక్కపక్కన నిలబెట్టి కొలవడం మన ఇళ్లలో పాత అలవాటే. మొదట పెట్టుపోతలు, ఆ తర్వాత పిల్లల మార్కులు, ఇప్పుడు నడుము చుట్టుకొలత. కొలిచేవాళ్లను వదిలేసి కోడళ్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తిరుగుతారు. మీ ఆయనతో ఒక్కసారి, అన్నం దగ్గర కాకుండా విడిగా, చెప్పండి: ‘నా ఆరోగ్యం గురించి మాట్లాడు, వింటాను. ఆమె పేరు తేవద్దు.’ మళ్లీ తెస్తే జవాబివ్వకండి, లేచి మీ పని చూసుకోండి. దానికి మించి ఆయనతో వాదన అక్కర్లేదు.

యారాలితో మాత్రం మాట్లాడాలి, అదీ ఈ వారమే. క్షమాపణలూ కన్నీళ్లూ ఏమీ వద్దు. పైకెళ్లి కొన్ని సంగతులు అడగండి. ఆ ఎనిమిది కిలోలు ఎట్లా తగ్గాయి? ఒక్క ఆసనాలతోనే అంత తగ్గడం అరుదు. రాత్రి తిండిలో ఏదో మార్చి ఉంటుంది: అన్నం తగ్గించిందా, ఎనిమిదింటికి ముందే తినేస్తోందా, క్లాసు అయ్యాక అందరూ ఉగ్గాని బజ్జీకి పోతుంటే ఆమె ఇంటికి వచ్చేస్తోందా? (పోవద్దనడం లేదు. రోజూ వద్దు.) మొదటి నెలలో ఆమెకు ఏవి రాలేదు? ఇప్పటికీ వదిలేసే ఆసనం ఏది? ఎక్కడ నొప్పి పుట్టింది, ఎట్లా సర్దుకుంది? మీ ఇంటి తిండే తింటూ, మీ అత్తగారి టైములకే వంట చేస్తూ రెండేళ్లు నిలబడిన ఆడమనిషి ఆమె. వీడియోలో ఆమె ఎవరో మీ ఇంట్లో పాలు ఎన్నింటికి కాగుతాయో ఎరగదు.

మీకు దెబ్బ ఎందుకు తగిలిందో లెక్క వేసుకుందాం. పన్నెండు అంచెల సూర్య నమస్కారంలో ఒక్కో చుట్టులో రెండుసార్లు ముందుకు వంగుతారు, మూడుసార్లు వెనక్కి విరుస్తారు. 60 చుట్లంటే 120 సార్లు వంగడం, 180 సార్లు విరవడం. తొడ వెనక కండరాలు బిగిసి ఉన్నప్పుడు మోకాళ్లు నిటారుగా పెట్టి వంగితే తుంటి తిరగదు, ఆ వంపంతా నడుము మోస్తుంది. మోకాళ్లు కాస్త మడిచి, పొట్ట తొడలకు ఆనేలా వంగాలి, చేతులు నేలకు అందకపోయినా ఫర్వాలేదు. బోర్లా పడుకుని ఛాతీ ఎత్తే భుజంగాసనంలో చేతులతో నేలను తోసి పైకి లేవడం రెండో తప్పు. బొడ్డు నేలకు ఆని ఉండాలి, మోచేతులు మడిచే ఉండాలి, వీపు కండరాలు ఎంత లేపితే అంతే. మణికట్ల నొప్పి అరచేతిలో మణికట్టు దగ్గరి భాగం మీదే బరువు వేయడం వల్ల వస్తుంది. వేళ్లు బాగా విడదీసి, బొటనవేలు చూపుడువేలు మొదళ్లతో నేలను నొక్కండి. అప్పటికీ నొస్తే నేల వదిలి గోడకు చేతులు పెట్టి చేయండి.

నొప్పి పూర్తిగా తగ్గాకే మళ్లీ మొదలు. ముందు రెండు వారాలు సూర్య నమస్కారాలే వద్దు. పిల్లి భంగిమ (చేతులూ మోకాళ్ల మీద ఉండి వీపును పైకీ కిందికీ వంచడం) ఎనిమిది సార్లు, సేతుబంధాసనం (వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము ఎత్తడం) ఐదు సార్లు మూడేసి శ్వాసలు ఆగుతూ, చిన్న భుజంగాసనం ఐదు సార్లు. ఆ తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం పదేసి చొప్పున రెండు విడతలు. ఇది యోగా కాదని క్లాసులో ఎవరైనా అంటే అననీండి. మీ వయసులో, నెలసరి ఆగే కాలంలో, తొడల కండా ఎముకా నిలబెట్టేది ఇలాంటి పనే. మూడో వారం రెండు నమస్కారాలు, నిదానంగా. నెల దాటాక నాలుగు, రెండు నెలలకు ఆరు. పన్నెండు దగ్గర ఆగిపోండి, అది చాలు. వచ్చే రథసప్తమికి మీ యారాలు 108 చేస్తే చేసుకోనీండి.

బీపీ మాత్రలు వాడుతున్నారు కాబట్టి తలకిందులుగా చేసే శీర్షాసనం, సర్వాంగాసనం, గాలిని విసురుగా వదిలే కపాలభాతి డాక్టరును అడగకుండా ముట్టుకోకండి. వంగిన భంగిమలోంచి గబుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. మోకాళ్లు మడిచి, చేతులు తొడల మీద ఆనించి, తల ఆఖరున ఎత్తుతూ లేవండి. శ్వాస బిగబట్టే ప్రాణాయామమూ వద్దు. నాడీశోధన, అంటే ఒక ముక్కు తర్వాత ఇంకో ముక్కుతో గాలి పీల్చి వదలడం, ఐదు నిమిషాలు, గాలి ఎక్కడా ఆపకుండా చేయండి. చివర శవాసనం ఐదు నిమిషాలు. ఆడవాళ్లు ఎగ్గొట్టేది ఇదే, పాలవాడు వచ్చుంటాడని లేచిపోతారు. పాలు ఇంకొకరు తీసుకోవచ్చు, మీ ఇంట్లో మగవాళ్లున్నారు కదా.

థైరాయిడ్ మాత్ర లేవగానే మంచినీళ్లతో వేసుకోండి. దానికీ కాఫీకీ అరగంట నుంచి గంట ఎడం ఉండాలి, ఆ గంటలోనే మీ యోగా అయిపోతుంది. కాల్షియం, ఐరన్ మాత్రలుంటే దానికి నాలుగు గంటల తర్వాతే. మన ఊళ్లో మార్చి దాటితే ఆరున్నరకే ఎండ చురుక్కుమంటుంది. ఐదున్నరకు మొదలుపెడితేనే కుదురుతుంది, కాబట్టి రాత్రి పదికి పడుకోవాలి. వారంలో నాలుగైదు రోజులు అరగంట నడక కూడా కలపండి. ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌కు ఒక్కరే పోతే నాలుగో రోజు మానేస్తారు. పైన ఆమెను పిలవండి. నడిచేటప్పుడు ఒకరి పొట్ట ఒకరికి కనపడదు, మాట్లాడుకోవడం తేలిక. తిండిలో ఉలవలో పెసలో రోజూ ఒక పూట ఉండాలి. రాగి సంగటి మంచిదే కానీ ముద్ద మీద ముద్ద వేసుకుంటే అదీ పిండే. శెనక్కాయల ఊరిబిండి పచ్చడి ఒక చెంచా దగ్గర ఆపండి.

నడుము నొప్పి మోకాలు దాటి కిందికి పాకినా, కాలు మొద్దుబారినా, రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చినా యోగా గురువు దగ్గరికి పోవద్దు, ఎముకల డాక్టరుకు చూపించండి. ఈ నొప్పి ఇన్నాళ్లూ తగ్గకుండా ఉంటే ఈ లక్షణాలేవీ లేకున్నా ఒకసారి పోవాల్సిందే.

మ్యాట్ సంగతి. మీ ఇంట్లో నున్నటి బండలైతే చాపా జంపఖానా రెండూ జారుతాయి, అదే మణికట్టుకు ఇంకో దెబ్బ. ఆరు మిల్లీమీటర్ల మందం చాలు. మరీ మెత్తటిది, పది మిల్లీమీటర్లది కొంటే అరచెయ్యి దిగబడి మణికట్టు ఇంకా వంగుతుంది. మీ యారాలు రెండేళ్లుగా ఏదో ఒకటి వాడుతోంది, పైకెళ్లినప్పుడు దాని మీద చేతులు పెట్టి చూడండి, జారకపోతే అలాంటిదే తెచ్చుకోండి.