కొండ కాలుతోంది, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నారు: ఏం చేయాలి?

మీది సీతారామపురం వైపు వెలిగొండల కింద ఊరు. నాలుగు రోజులుగా కొండ మీద మంట కనిపిస్తోంది, అది ఊరికి దూరంగానే ఉంది. అయినా తెల్లారేసరికి ఇల్లంతా పొగ వాసన. అమ్మగారికి ఉబ్బసం, ఊరు వదిలి వెళ్లాలా అని అడిగారు. మా ఇంట్లో జరిగింది చెప్తాను, అందులోనే మీకు జవాబు దొరుకుతుంది.

మాది గిద్దలూరు దగ్గర, నల్లమల అంచు పల్లె. మా నాయనకు ఇరవై ఏళ్లుగా ఉబ్బసం. మూడేళ్ల కిందట ఏప్రిల్‌లో మా పడమటి కొండ అంటుకుంది. మంట మాకు రెండు కొండల అవతల. రాత్రిళ్లు దీపాల వరసలాగా కనపడేది. "అంత దూరాన కాల్తా ఉంటే మనకేమిరా" అని నాయన ఎప్పటిలాగే వాకిట్లో నులకమంచం వేసుకుని పడుకున్నాడు. తెల్లారి చూస్తే దుప్పటి మీద కాలిన ఆకులు. ఈనెలతో సహా ఆకు రూపం చెదరలేదు, వేలు తగిలితే మాత్రం పొడైపోయింది. నాయన మంచం మీద లేచి కూర్చుని, చేతులు మోకాళ్లకు ఆనించి, ముందుకు వంగి ఊపిరి లాగుతున్నాడు. పిల్లికూతలు వీధిలోకి వినపడుతున్నాయి.

ఆ రాత్రి ఆయన్ని లోపల పడుకోబెట్టి తలుపులన్నీ వేశాం. ఉక్కకు తట్టుకోలేడని కిటికీకి బిగించిన కూలర్ వేశాం. మేము చేసిన పెద్ద తప్పు అదే. కూలర్ బయటి గాలిని లాగి లోపలికి తోస్తుంది, అంటే కొండ పొగను తెచ్చి ఆయన మొహాన కొట్టింది. గడ్డి మెత్తలు తడిగా ఉన్నాయి కదా, పొగ అక్కడే ఆగిపోతుందిలే అనుకున్నాను. పెద్ద బూడిద ఆగుతుంది, సన్నని నుసి ఆగదు. పీఎం 2.5 అంటున్నారే, ఆ కణాలు వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. ముక్కులో, గొంతులో ఎక్కడా ఆగకుండా ఊపిరితిత్తుల అడుగుదాకా పోతాయి. తెల్లవారుజామున మూడింటికి 108కి ఫోన్ చేశాం. ఆసుపత్రిలో ఆక్సిజన్, నెబులైజర్ పెట్టాక గానీ మనిషి మాట్లాడలేదు. అందుకే ముందుగా చెప్తున్నాను, మీ ఇంట్లో కిటికీ కూలర్ ఉంటే ఈ రాత్రి ఆపేయండి. ఫ్యాన్ చాలు. స్ప్లిట్ ఏసీ ఫర్వాలేదు, అది గదిలో గాలినే తిప్పుతుంది.

పొగ తెల్లారగట్లే ఎందుకు కమ్ముకుంటుందంటే, పొద్దుగూకాక కొండ మీద గాలి చల్లబడి బరువెక్కి వాలు వెంట కిందికి జారుతుంది. దాంతోపాటు పొగా దిగి పల్లంలో ఉన్న ఊరి మీద పరుచుకుంటుంది. పైన వెచ్చని గాలి మూతలాగా కూర్చుంటుంది కాబట్టి పైకి పోలేదు. ఎండెక్కి, నేల వేడెక్కాక లేస్తుంది. మా దగ్గర తొమ్మిది, పది గంటలకు తేటపడేది. ఇంకో సంగతి, మన అడవుల్లో మంట చెట్ల కొసలకు ఎక్కేది తక్కువ. రాలిన ఆకు, ఎండిన బోదగడ్డి వెంట నేల మీద పాకిపోతుంది. మంట పోయినా మొద్దులు రోజుల తరబడి రగులుతూనే ఉంటాయి. భగ్గుమని మండే గడ్డి కంటే అలా రగిలే మొద్దే ఎక్కువ పొగ పెడుతుంది. కాబట్టి మంట కనపడలేదని నిబ్బరంగా ఉండకండి.

మేము ఆ తర్వాత ముందుగా మార్చుకున్నది వేళలు. తెల్లారగట్ల నడక, వాకిలి ఊడ్చడం, పాలకు పోవడం, ఆరుబయట పడక, ఇవన్నీ పొగ దట్టంగా ఉన్న వేళకే వస్తాయి. నాయన నడక సాయంత్రానికి మారింది. రాత్రి పడుకునే ముందు కిటికీలు వేసి, తలుపు కింద సందులో తడిగుడ్డ దోపుతాం. ఉదయం పొగ లేచాక అన్నీ తెరుస్తాం. రోజంతా మూసి ఉంచొద్దు, ఆ ఎండలకు పొగ కంటే ముందు వడదెబ్బ తగులుతుంది. ఇంట్లో పొగా తగ్గించాలి. కట్టెల పొయ్యి, దోమల చుట్ట, సాంబ్రాణి, అగరొత్తులు ఆ నాలుగు రోజులు వద్దు. దేవుడి దగ్గర అగరొత్తి మానడానికి మా అమ్మ మనసు ఒప్పలేదు. నాయన పరిస్థితి చూశాక తనే తీసి పక్కన పెట్టింది.

మొహానికి తడి తువాలు కట్టుకుంటే గొంతుకు హాయిగా ఉంటుంది, నుసిని మాత్రం ఆపదు. ఎన్95 మాస్కు ముక్కు దగ్గర సందు లేకుండా పెట్టుకుంటేనే పని చేస్తుంది. అమ్మగారు రోజూ వాడే ఇన్‌హేలర్‌ను "బాగానే ఉంది కదా" అని ఆపనివ్వకండి. ఆయాసం వచ్చినప్పుడు ఎన్ని పఫ్‌లు తీసుకోవాలో డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోండి, రాత్రి కంగారులో గుర్తుండదు. ఒక్క వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, మందు పీల్చినా తగ్గకపోయినా ఇక ఆలోచించొద్దు, 108.

ఊరు వదలాలా అంటారా? అందరూ అక్కర్లేదు. అమ్మగారిని మాత్రం కొండకు దూరంగా ఉన్న బంధువుల ఇంటికి వారం రోజులు పంపగలిగితే పంపండి. మేము రెండో ఏడు నుంచి నాయన్ని ఒంగోలులో చెల్లెలింట్లో దించుతున్నాం, వెళ్లనని ఎంత మొండికేసినా సరే.

మంట సంగతి అటవీ బీట్ ఆఫీసరుకు చెప్పండి, ఊరి వైపు వస్తుంటే 101. ఫారెస్ట్ సర్వే వాళ్లు ఉపగ్రహాలతో మంటలు కనిపెట్టి ఎస్ఎంఎస్ పంపుతారు, నమోదు చేసుకుంటే మనకూ వస్తుంది. ఐతే ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది, చిన్న మంట తప్పిపోవచ్చు. మీరు చేసే ఫోనే ముందు. వామి ఇంటికి ఆనుకుని ఉంటే దూరం జరపండి, కప్పు మీది ఎండుటాకులు తీసేయండి.

ఒక మాట కడుపులో పెట్టుకోలేను. ఈ మంటలు చాలావరకు మనుషులు పెట్టేవే. కొత్త గడ్డి మొలుస్తుందని, ఇప్పపువ్వు ఏరుకోవడానికి నేల శుభ్రంగా ఉంటుందని, లేదంటే ఆర్పకుండా పారేసిన బీడీ ముక్క. అలా పెట్టిన అగ్గి మా నాయన ఊపిరి మీదకు వచ్చింది. మీ ఊళ్లో గొర్రెలు తోలే వాళ్లతో కోపంగా కాదు, కూర్చోబెట్టి చెప్పండి. మా ఊళ్లో నేను నాయన్ని చూపించి మరీ చెప్పాను. ఇద్దరు విన్నారు.

అమ్మగారికి రాత్రి ఎలా ఉందో రేపు ఇక్కడే రాయండి.