ఆ నర్సును నేనే: ఒక కొత్త రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు కథలూ, వాటితో పాటు నాలుగు పేజీల ఉత్తరమూ అందాయి. కథలను రెండేసి సార్లు చదివాను. ఉత్తరాన్ని అంతకంటే ఎక్కువసార్లు చదివాను, ఎందుకంటే కథల్లో చెప్పకుండా దాటేసినవన్నీ నువ్వు ఉత్తరంలో రాశావు. నా మీద ఎవరి ప్రభావం ఉందనీ, వాళ్లను చదివితే నీకూ రాయడం పట్టుబడుతుందా అనీ అడిగావు. నేను ఇష్టంగా చదువుకున్న తెలుగు రచయితల పేర్లు ఒక పేజీ నిండా రాసి పంపగలను గానీ, నా రాతను 'అంతకు ముందు', 'ఆ తర్వాత' అని విడగొట్టిన మనిషి ఒక్కరే. ఆమె తెలుగు మనిషి కాదు, నేను ఎన్నడూ చూసిన మనిషి కూడా కాదు. ఆమె పేరు ఆడ్రీ లార్డ్. అమెరికాలోని నల్లజాతి కవయిత్రి, స్త్రీవాది. నేను ఆమెను మొదటిసారి చదివేనాటికి ఆమె చనిపోయి నాలుగేళ్లయింది.

ఆమె 1934 ఫిబ్రవరి 18న న్యూయార్క్‌లో, కరీబియన్ దీవుల నుంచి వలస వచ్చిన దంపతులకు ముగ్గురు కూతుళ్లలో చివరిదిగా పుట్టి, హార్లెమ్‌లో పెరిగింది. చూపు ఎంత తక్కువంటే, చట్టం లెక్కలో అంధురాలి కిందే జమ. మాటలు కూడా ఆలస్యంగా వచ్చాయి. నాలుగేళ్ల వయసు దాటాక, చదవడం నేర్చుకుంటున్న రోజుల్లోనే మాట్లాడడమూ మొదలైంది. చిన్నప్పుడు ఎవరైనా 'ఎలా ఉన్నావు' అని పలకరిస్తే, తనకు కంఠతా వచ్చిన కవితల్లో తన మనసుకు దగ్గరగా ఉన్నదాన్ని జవాబుగా అప్పజెప్పేదట. తన లోపలున్న దానికి సరిపోయే కవిత ఎక్కడా దొరకని స్థితి వచ్చినప్పుడు, పన్నెండు పదమూడేళ్ల వయసులో, తానే రాయడం మొదలుపెట్టింది. రాయడానికి ఇంతకంటే సరైన కారణం నేను ఇంకెక్కడా వినలేదు. ఆ తర్వాత లైబ్రరీ సైన్సు చదివి, చాలా ఏళ్లు లైబ్రేరియన్‌గా ఉద్యోగం చేసి, ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, 1968లో మొదటి కవితా సంపుటి తెచ్చింది. తనను పరిచయం చేసుకోవలసి వచ్చిన ప్రతిచోటా నల్లదాన్ని, లెస్బియన్‌ని, తల్లిని, యోధురాలిని, కవిని అని వరసగా చెప్పేది. వినేవాళ్లకు ఇబ్బందిగా ఉందని ఆ వరసలోంచి ఒక్క మాటను కూడా తీసివేయడానికి ఆమె ఒప్పుకోలేదు.

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా పనిచేశానని నీకు తెలుసు. 1996లో ఒక స్నేహితురాలు జిరాక్సు కాగితాల కట్ట ఒకటి తెచ్చి ఇచ్చింది. అది 1980లో వచ్చిన 'ది క్యాన్సర్ జర్నల్స్' అనే చిన్న పుస్తకం. మా నర్సింగ్ చదువు ఇంగ్లీషులోనే సాగినా, మందుల పేర్లూ శరీర భాగాల పేర్లూ తెలిసినంత మాత్రాన సాహిత్యం చదవడం రాదు కదా. నిఘంటువు పక్కన పెట్టుకుని, నైట్ డ్యూటీలో వార్డు సద్దుమణిగాక రోజుకు రెండు పేజీల చొప్పున చదివాను. 1978లో ఆమెకు రొమ్ము క్యాన్సర్ అని తేలి, కుడి రొమ్ము తీసివేశారు. ఆ ఆసుపత్రి రోజుల గురించీ, నొప్పి గురించీ, భయం గురించీ రాసుకున్న డైరీ భాగాలతో కలిపి అల్లిన పుస్తకం అది.

అందులో ఒక సన్నివేశం ఉంది. ఆపరేషన్ అయిన పది రోజులకు ఆమె కుట్లు విప్పించుకోవడానికి డాక్టరు దగ్గరికి వెళుతుంది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక బయటికి వెళ్లడం అదే మొదలు కనుక, తలంటుకుని, రంగురంగుల ఆఫ్రికన్ నేత దుస్తులు వేసుకుని, ఒక చెవికి తనకు ఇష్టమైన పక్షి బొమ్మ లోలాకు పెట్టుకుని, తాను అందంగా ఉన్నానని తనకే అనిపిస్తుండగా లోపలికి అడుగుపెడుతుంది. అక్కడున్న నర్సు చెడ్డ మనిషి కాదు. ఆమె ఈడుదే, ఎప్పుడూ ఆప్యాయంగా పలకరించేదే. ఆ నర్సు ఆమె ఛాతీ వైపు చూసి, కృత్రిమ రొమ్ము పెట్టుకోలేదేమని అడుగుతుంది. పెట్టుకుంటే మీకే బాగుంటుందనీ, ఇక్కడికి వచ్చేటప్పుడైనా ఏదో ఒకటి పెట్టుకుని రావాలనీ, లేకపోతే చూసేవాళ్ల ధైర్యం సడలుతుందనీ అంటుంది. అది న్యూయార్క్‌లో పేరున్న రొమ్ము క్యాన్సర్ సర్జన్ గది. అక్కడ కూర్చున్న ప్రతి స్త్రీకీ రొమ్ము తీసివేసి ఉండాలి, లేదా తీసివేయవలసి రావచ్చు. ఒక్క రొమ్ముతో కూడా నిండుగా బతకవచ్చని చూపే మనిషి అవసరం ఆ గదిలో ఉన్నంతగా ఇంకెక్కడా ఉండదని లార్డ్ రాసింది.

ఆ పేజీ దగ్గర నేను ఆగిపోయాను. ఎందుకంటే ఆ నర్సును నేనే. ఆసుపత్రి వేరు, దేశం వేరు. మాట మాత్రం అదే. నా సర్వీసులో ఎంతమంది ఆడవాళ్ల జాకెట్లలో దూది కుక్కి, 'పైట నిండుగా కప్పుకో తల్లీ, ఎవరికీ తెలియదు' అని చెప్పి పంపించానో లెక్క లేదు. దయతోనే చెప్పాననుకున్నాను. ఒకామె పొగాకు గ్రేడింగ్ పనికి వెళ్లే మనిషి, నలభై ఏళ్లుంటాయేమో, డిశ్చార్జి రోజున నన్ను అడిగింది: "ఎవరికి తెలియకూడదు సిస్టరమ్మా?" నేను నవ్వేసి కేస్ షీటు మీద సంతకం పెట్టించుకోవడానికి వెళ్లిపోయాను. ఆ తర్వాత ఆమె మీద ఒక కథ రాశాను. అందులో భర్త ఆమెను ఆదరించాడు, అత్తగారు కన్నీళ్లు పెట్టుకుంది, పైట రెపరెపలాడింది. కథకు మంచి పేరు వచ్చింది. ఆమె అడిగిన ప్రశ్న మాత్రం ఆ కథలో లేదు.

జాకెట్టులో నేను కుక్కిన దూదినే కథలోనూ కుక్కానని నాకు ఆ రాత్రి అర్థమైంది.

లార్డ్ కృత్రిమ రొమ్ము పెట్టుకునేవాళ్లను నిందించలేదు. ఎవరి శరీరం మీద నిర్ణయం వారిదేనని ఒప్పుకుంది. ఆమె కోపమంతా, ఏమీ జరగనట్టు కనబడమని ఒత్తిడి చేసే ఏర్పాటు మీద. ఆసుపత్రిలో ఆమె దగ్గరికి ఒక స్వచ్ఛంద సేవకురాలు దయగానే తెచ్చిచ్చిన మెత్తటి దిండు లేత గులాబీ రంగుది. నల్లని ఒంటి మీద అది ఎలా ఉంటుందో దాన్ని తయారు చేసినవాళ్లకు తోచనే లేదు. ఒక కంటి మీద నల్లపట్టీ కట్టుకున్న ఇజ్రాయెల్ సేనాని మోషే దయాన్‌ను గాజు కన్ను పెట్టుకోమని ఎవరూ అడగరే, దాన్ని యుద్ధంలో తగిలిన గాయంగానే గౌరవిస్తారే, మరి క్యాన్సర్‌తో పోరాడిన స్త్రీ తన గాయాన్ని ఎందుకు దాచాలి అని అడిగింది. రొమ్ములు పోయిన స్త్రీలందరూ ఒకరికొకరు కనబడకుండా పోతే, ఈ జబ్బు ఎందుకు వస్తోందో, ఏ రసాయనాల వల్ల వస్తోందో కలిసి నిలదీయడం కూడా కుదరదని ఆమె వాదన. ఒంటి రొమ్ము స్త్రీలు దండుగా అమెరికా చట్టసభ మీదికి కదిలితే ఎలా ఉంటుందని ఊహించింది కూడా. ఆ వాక్యం చదివి వార్డులో నేనొక్కదాన్నే గట్టిగా నవ్వి, పక్క మంచం పెద్దావిడ చేత చీవాట్లు తిన్నాను.

నువ్వు గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆ నర్సు అలా అన్నప్పుడు లార్డ్ అక్కడికక్కడ ఏమీ అనలేకపోయింది. కోపంతో మాట పెగలలేదని తానే రాసుకుంది. మౌనం గురించి అందరికంటే బాగా మాట్లాడిన మనిషి ఆమె. అంతకు ముందు ఏడాదే, 1977 డిసెంబరులో షికాగోలో జరిగిన సాహిత్య సదస్సులో, మౌనాన్ని భాషగా మార్చుకోవడం గురించి ప్రసంగించింది. అప్పటికి కొన్ని వారాల ముందు రొమ్ములో గడ్డ కనబడి, అది క్యాన్సర్ కావడానికి అరవై నుంచి ఎనభై శాతం అవకాశం ఉందని డాక్టర్లు చెప్పగా, ఫలితం కోసం మూడు వారాలు ఎదురుచూసింది. ఆ సారి అది క్యాన్సర్ కాలేదు. ఆ మూడు వారాల్లో తన బతుకును వెనక్కి తిరిగి చూసుకుంటే, తాను మాట్లాడిన మాటల కంటే మింగేసిన మాటలే తనను ఎక్కువ బాధించాయట. నా మౌనాలు నన్ను కాపాడలేదు, మీ మౌనం మిమ్మల్ని కాపాడదు అని సభలో చెప్పింది. మీ దగ్గర ఇంకా లేని మాటలు ఏమిటని అడిగింది. 'ది క్యాన్సర్ జర్నల్స్'లో మొదటి అధ్యాయం ఆ ప్రసంగమే. అలా చెప్పిన మనిషికి కూడా డాక్టరు గదిలో మాట రాలేదు. ఇంటికి వెళ్లి రాసింది. కాబట్టి నువ్వు పనిచేసే చోట ఆ రోజు ఎదురుచెప్పలేకపోయానని నీ ఉత్తరంలో నువ్వు అంతగా కుమిలిపోవడం అనవసరం. కానీ రాయవలసిన బాకీ మాత్రం ఉంది.

సమయం లేదనీ, సొంత గది లేదనీ, మందుల షాపు నుంచి ఇంటికి వెళ్లే బస్సులో ఫోనులో రాసుకుంటున్నాననీ కూడా రాశావు. ఈ విషయంలో లార్డ్ చెప్పినంత సూటిగా ఎవరూ చెప్పలేదు. వచనం రాయడానికి సొంత గది కావాలేమో గానీ, దానితో పాటు కట్టలకొద్దీ కాగితం, టైప్‌రైటర్, బోలెడంత తీరిక కూడా కావాలని ఆమె 1980లో గుర్తుచేసింది. కవిత్వానికి ఖర్చు తక్కువ. షిఫ్టుకూ షిఫ్టుకూ మధ్య, ఆసుపత్రి వంటగదిలో, రైల్లో, మిగిలిపోయిన చిత్తుకాగితం మీద రాసుకోవచ్చు. పేద స్త్రీలూ, శ్రమ చేసే స్త్రీలూ, నల్లజాతి స్త్రీలూ కవిత్వంలో ఎక్కువగా మాట్లాడడానికి అదొక కారణమని ఆమె అంచనా. అందుకని నువ్వు కవిత్వమే రాయాలని నేను అనను, నీ చెయ్యి కథదే. అయితే బస్సులో రాసిన పేరాను ఇంట్లో బల్ల ముందు కూర్చుని రాసినట్టు నునుపు చేయకు. రెండో కథలో మంచి వాక్యాలన్నీ గతుకుల్లో రాసినవేనని నా అనుమానం.

ఆమెను చదవడం మొదలుపెడితే, ఒక ప్రమాదం ఉందని ముందే చెబుతున్నాను. ఆమె వాక్యాలు విడిగా తీసుకుంటే చాలా తేలిగ్గా నినాదాలైపోతాయి. తనను తాను చూసుకోవడం సుఖలాలస కాదు, ప్రాణాన్ని కాపాడుకోవడం, అదొక రాజకీయ యుద్ధం అన్న ఆమె మాట ఇవాళ మొహానికి పూసుకునే క్రీముల పక్కన కూడా కనబడుతోంది. ఆ మాట ఆమె కాలేయానికి క్యాన్సర్ పాకిన తర్వాత, పని మానకుండా, ఎన్ని రోజులు మిగిలాయో తెలియకుండా బతుకుతూ రాసిన పుస్తకంలోది. అది 1988లో వచ్చింది. అలాగే యజమాని పనిముట్లతో యజమాని ఇల్లు కూలదన్నలేమన్న మాట కూడా. 1979లో న్యూయార్క్‌లో ఒక స్త్రీవాద సదస్సుకు తనను చివరి నిమిషంలో పిలిచినందుకు, నల్లజాతి స్త్రీలను ఒక మూలకు పరిమితం చేసినందుకు, నిర్వాహకుల ముఖం మీదే చెప్పిన మాట అది. మీరు ఈ సదస్సులో కూర్చున్నప్పుడు మీ ఇళ్లు ఊడ్చేదీ మీ పిల్లల్ని చూసేదీ ఎవరని అదే ప్రసంగంలో అడిగింది. మన దగ్గర దళిత స్త్రీలు అలాంటి ప్రశ్ననే, ఆమెను చూసి కాకుండా తమ బతుకుల్లోంచే అడిగారు. గోగు శ్యామల సంకలనం చేసిన 'నల్లపొద్దు' 2003లో వచ్చింది, అది నీ దగ్గర లేకపోతే లార్డ్ కంటే ముందు దాన్ని కొనుక్కో.

ఆమెను అనుకరించడం కూడా కుదరదు. నేను ఒక ఏడాది ప్రయత్నించాను. నా వాక్యాలు గర్జించబోయి దగ్గాయి. నా దగ్గర ఉన్నది వార్డు, డ్రెస్సింగ్ ట్రే, గుంటూరు వైపు మాట. ఆమె నుంచి నేను తెచ్చుకోగలిగింది ఆ పొగాకు పని ఆమె ప్రశ్న దగ్గరికి తిరిగి వెళ్లే దమ్ము మాత్రమే. 1997లో ఆ కథను మళ్లీ రాశాను. ఈసారి కథ చెప్పేది నర్సు, తప్పు చేసేదీ నర్సే. ఒక పత్రిక దాన్ని 'వాసన ఎక్కువగా ఉంది' అన్న ఒక్క ముక్కతో తిప్పి పంపింది. ఇంకొక పత్రిక వేసుకుంది. మొదటి కథకు వచ్చినన్ని ఉత్తరాలు దీనికి రాలేదు. వచ్చిన వాటిలో ఒకటి మాత్రం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. రాసినామె తన పేరు రాయలేదు, నేను కూడా దూది తీసేశాను అని మాత్రం రాసింది.

ఇక నీ మూడో కథ. తల్లి ఆపరేషన్ అయి ఇంటికి వచ్చింది, కూతురు ఆమె జాకెట్టు ఉతుకుతూ ఎడమ వైపు గుడ్డ మీద పసుపుపచ్చ మరక దగ్గర చెయ్యి ఆపింది. ఆ రెండు పంక్తులు నాకు నిద్ర లేకుండా చేశాయి. వెంటనే నువ్వు ఒక ఖాళీ వదిలి, 'ఆరు నెలల తర్వాత' అని మొదలుపెట్టి, తల్లి చేత నవ్వించి కథ ముగించావు. నీ ఉత్తరంలో రెండో పేజీ చివర నువ్వు కొట్టివేసిన వాక్యం వెలుతురుకు పట్టి చూస్తే చదవగలిగాను, నన్ను క్షమించు. ఆ ఆరు నెలల్లో ఇంట్లో ఎవరు ఎవరితో మాట్లాడలేదో, అమ్మ అద్దం ఎక్కడికి పోయిందో, నువ్వు ఆమెకు ఏమని చెప్పి పైట సర్దావో నీకు తెలుసు. నవ్వు ఉంచాలా తీయాలా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ ఖాళీలో ఉన్నది రాసి, అక్షరాలు దిద్దకుండా, బస్సులో రాసింది రాసినట్టుగానే నాకు పంపించు.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ ఈడు నర్సు