నీళ్లు మార్చింది ఎవరు?

నీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. తెనాలిలో మీ ఇంట్లో 12 ఏళ్లు పెరిగిన తాబేలు చిట్టి జనవరి చలిలో చనిపోయింది, మీ నాన్నగారు నీకు చెప్పకుండానే దాన్ని పెరట్లో కరివేపాకు చెట్టు కింద పాతిపెట్టారు, వారం తర్వాత మీ అమ్మ నోరు జారితే నీకు తెలిసింది, అప్పటినుంచి ఆయనతో మాట్లాడటం మానేశావు. బెంగళూరు ఫ్లాట్‌లో దాని గుర్తుగా ఇత్తడి తాబేలును నీళ్ల పళ్లెంలో పెట్టుకోవచ్చా, లేక నక్షత్ర తాబేలును తెచ్చుకుంటే బాధ తగ్గుతుందా అని అడిగావు.

ఇత్తడిది పెట్టుకో, ఎవరు వద్దన్నారు. నక్షత్ర తాబేలు మాట మాత్రం మళ్లీ ఎత్తకు, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని కొని ఇంట్లో పెంచడం నేరం. నీ ప్రశ్నలు అయిపోయాయి.

ఇప్పుడు నేను అడుగుతాను. ఇన్నేళ్లూ ఆ తొట్టిలో నీళ్లు మార్చింది ఎవరు? ఇంటర్‌లో ఉండగా అక్వేరియం షాపులో రూపాయి బిళ్లంత పిల్లను ముచ్చటపడి కొన్నది నువ్వే, కాదనను. రెండేళ్లకే హాస్టల్‌కి వెళ్లిపోయావు, ఆ తర్వాత ఉద్యోగం. కళ్ల వెనక ఎర్ర చార ఉండే ఆ జాతి తాబేళ్లు తినేదీ నీళ్లలోనే, విసర్జించేదీ నీళ్లలోనే, రెండు రోజులు వదిలేస్తే తొట్టి కంపు కొడుతుంది. మీ నాన్నగారు బకెట్లు మోశారు, పొద్దున్నే దాన్ని ఎండలో ఇటుక మీద కూర్చోబెట్టారు, తోటకూర తుంచి పెట్టారు. ఇవన్నీ నీ ఉత్తరంలోనే ఉన్నాయి, కానీ నువ్వు వాటిని చిట్టి ముచ్చట్లుగా రాసుకున్నావు తప్ప అందులో ఆయన చాకిరీ నీకు కనిపించలేదు.

"హీటర్ పెట్టమంటే పట్టించుకోలేదు" అని రాశావు. తాబేలు ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు, చలికి తిండి మానేసి, ముక్కులోంచి బుడగలు వచ్చి, ఒక పక్కకి ఒరిగి ఈదుతోందంటే ఊపిరితిత్తులకి జబ్బు చేసి ఉండొచ్చు. హీటర్ ఉంటే బతికేదేమో, ఉన్నా పోయేదేమో. కానీ మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన దాన్ని తువ్వాల్లో చుట్టి పశువుల ఆసుపత్రికి, అక్కడ కుదరదంటే గుంటూరుకి మోసుకెళ్లారని నువ్వే రాశావే, పట్టించుకోకపోవడమంటే అదా? ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది.

ఓసారి ఆయన "నా తర్వాత దీన్నెవరు చూస్తారే" అంటే నవ్వేశానన్నావు. ఆ జాతి బాగా చూసుకుంటే 20, 30 ఏళ్లు బతుకుతుంది, ఆయన లెక్క వేసుకునే అడిగారు. తను పోయాక కూడా ఉంటుందనుకున్న ప్రాణి తన చేతుల్లోనే పోయింది, ఆ మాట నీకు ఫోన్‌లో చెప్పడానికి ఆయనకి నోరు రాలేదు. నువ్వేమంటావోనని భయపడ్డారు, చివరికి నువ్వు అన్నదీ అదే. కన్నతండ్రి కూతురికి భయపడి దుఃఖం దాచుకోవడం నేను ఒప్పుకోలేను.

ఈ శనివారం బస్సెక్కు. క్షమించానని చెప్పకు, ఆయన క్షమాపణ అడిగే తప్పేం చేయలేదు. చిట్టి చివరి రోజు ఎలా ఉందో అడిగి, ఆయన చెప్పినంతసేపూ విను. ఖాళీ తొట్టిని ఇంకా తీయనివ్వట్లేదని మీ అమ్మ చెప్పింది కదా, ఇద్దరూ కలిసి కడగండి.