డాలస్ కొత్త ఇంట్లో పసుపెక్కిన లాన్‌కి
బిల్డర్ పరిచిన బెర్ముడా గడ్డిని రసాయనాలు వాడకుండా ఎలా పచ్చగా చేయాలని అడిగారు. ఎరువు సంచులు ఇప్పుడే కొనకండి అండీ. ఇల్లు కట్టేటప్పుడు బరువైన మెషీన్లు తిరిగి నల్లమట్టి రాయిలా అయిపోతుంది, వేళ్లు దిగవు. తడి నేలలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. దిగకపోతే మే నెలలో, గడ్డి బాగా పెరిగేటప్పుడు, కోర్ ఏరేషన్ (మెషీన్‌తో చిన్న చిన్న మట్టి ముక్కలు బయటికి తీసి నేలకి రంధ్రాలు చేయడం) చేయించి పైన పావు అంగుళం కంపోస్ట్ పరచండి. టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ మట్టి పరీక్ష ల్యాబ్‌కి మట్టి పంపితే ఏ పోషకం తక్కువో తెలుస్తుంది. రోజూ చిలకరించకుండా వారానికి ఒకటి రెండుసార్లు లోతుగా తడపండి. కోసిన గడ్డి అక్కడే వదిలేయండి, అందులో నత్రజని ఉంటుంది. కలుపుకి కార్న్ గ్లూటెన్ (మొక్కజొన్న నుంచి తీసే పొడి) చల్లి నేను డబ్బులు తగలేశాను. అది గింజ మొలకనే ఆపుతుంది, మొలిచిన మొక్కని కాదు. మొలిచిన కలుపుని చేత్తో పీకడమే!