జీతం మీది, ఓటీపీ ఆయన ఫోన్‌కా?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించి వేస్తున్నాం): మాది విజయవాడ, పటమట. ఉయ్యూరు దగ్గర జడ్పీ హైస్కూల్లో లెక్కల టీచర్ని. వయసు 38, సర్వీసు పన్నెండేళ్లు. మావారు ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో అకౌంట్లు చూస్తారు, పావుతక్కువ పదింటికి బయల్దేరతారు. పాప ఇంటర్, బాబు ఏడో తరగతి. అత్తగారికి డెబ్భై ఏళ్లు. ఫ్రిజ్‌లో పెట్టిన పిండి పులుపని ముట్టరు, పొద్దుటి కూర చల్లారితే తినరు, నా గోంగూర పప్పు బద్దలుగా ఉందంటారు. నాలుగింటికి లేచినా ఏడున్నర బస్సు తప్పిపోతోంది. మూడున్నరకే లేవాలా, ఉద్యోగమే మానేయాలా? పనులు తెమిలే దారి చెప్పండి.

జవాబు: అమ్మా, ఉద్యోగం మానొద్దు. మూడున్నరకి లేవనూ వద్దు. రాజీనామా ఆమోదం పొందితే పన్నెండేళ్ల సర్వీసూ లెక్కలోంచి పోతుంది. సీపీఎస్‌లో, అంటే జీతంలోంచి నెలనెలా కోసి పోగుచేసే పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లు రిటైర్మెంటుకి ముందే రాజీనామా చేస్తే ఖాతాలో పోగైనదాంట్లో కనీసం 80 శాతం పెన్షన్ కొనడానికే పోతుంది, చేతికొచ్చేది 20 శాతం. రిటైర్మెంటు 62కి. అంటే మీకింకా 24 ఏళ్ల సర్వీసు ఉంది. ఆ మాట ఇక్కడితో వదిలేద్దాం.

అత్తగారిది వంట సమస్య, దాన్ని వంటతోనే తీర్చొచ్చు. ఆవిడ ఫిర్యాదుల్లో సగం న్యాయమైనవే. మీరు ఆదివారం రుబ్బి, పిండంతా రాత్రి బయట పొంగనిచ్చి, తర్వాత ఫ్రిజ్‌లో పెడుతున్నారు. మన బెజవాడ ఎండాకాలంలో పిండి ఐదారు గంటలకే పొంగుతుంది, తెల్లారేసరికి పులుస్తుంది. ఫ్రిజ్‌లో కూడా పులుపు మెల్లగా పెరుగుతూనే ఉంటుంది, బుధవారం నాటికి పెద్దావిడ నోట పెట్టలేరు. అందుకని పొంగకముందే పెట్టండి. రెండు గ్లాసుల మినపగుళ్లు నాలుగు గంటలు నానబెట్టి చల్లటి నీళ్లు పోస్తూ రుబ్బాలి. గ్రైండరు వేడికి పిండి వేడెక్కితే ఇడ్లీ గట్టిపడుతుంది. నాలుగు గ్లాసుల ఇడ్లీ రవ్వ రెండుసార్లు కడిగి, నీళ్లు గట్టిగా పిండేసి మినప్పిండిలో కలపాలి. నీళ్లు మిగిలితే పిండి జారై ఇడ్లీ అప్పచ్చిలా అణిగిపోతుంది. కలిపిన పిండిని ఉప్పు వేయకుండా మూడు గిన్నెల్లో సర్ది, ఒకటి బయట ఉంచి రెండు వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. ఏ రోజు ఇడ్లీ కావాలో దాని ముందు సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఒక గిన్నె తీసి ఉప్పు కలిపి బయట పెడితే, చల్లదనం పోయి తెల్లారేసరికి సరిగ్గా పొంగి ఉంటుంది. పొంగింది ఆ రాత్రే కనుక అత్తగారికి పులుపు తగలదు. మీ ఐదుగురికి మూడు పూటలు వస్తుంది.

గోంగూర పప్పు బద్దలుగా మిగలడానికి కారణం గోంగూరే. పులుపు తగిలితే కందిపప్పు మెత్తబడదు, ఎన్ని విజిల్స్ వేసినా అంతే. పప్పు విడిగా, గ్లాసుకి మూడు గ్లాసుల నీళ్లు పోసి నాలుగు విజిల్స్ ఉడికించండి. గోంగూర, పచ్చిమిరపకాయలు పక్క పొయ్యి మీద మగ్గబెట్టి, మెత్తబడ్డాక ఉప్పు వేసి పప్పులో మెదపండి. చింతపండైనా, పుల్ల టమాటా అయినా ఇదే పద్ధతి.

ఇక చల్లారిన కూర. పదింటి దాకా ఇంట్లో ఉండే మనిషి ఒకరున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి అత్తగారు తినే కూరని తెల్లవారుజామున ఐదింటికి మీరెందుకు వండుతున్నారు? దొండకాయలు రాత్రే తరిగి ఉంచితే వేపుడుకి పాతిక నిమిషాలు చాలు. తొమ్మిదింటికి మీవారు మూకుడు పెట్టి మూతపెట్టి మగ్గించి, చివర్లో మూత తీసి వేయిస్తే వాళ్లమ్మ ఐదింటినాటి చల్లారిన కూర తినక్కర్లేదు. పిల్లల బాక్సులకి మీరు పొద్దున పప్పు, అన్నం చూసుకుంటే చాలు. ఐదున్నరకి లేచినా బస్సు దొరుకుతుంది, ఫోన్‌లో హాజరు టైముకి పడుతుంది, పరీక్ష పేపర్లు దిద్దడానికి రాత్రి ఒక గంట మిగులుతుంది.

అయితే ఇదంతా ఆయన్ని అడగగలిగితేనే. మీరు అడగలేరు. ఎందుకో మీ ఉత్తరంలోనే ఉంది. రెండు పేజీల్లో ఒకటిన్నర అత్తగారి మీదే రాశారు. ఆయన ఉద్యోగం, ఫ్లాటు లోను సంగతి పోగా ఆయన గురించి నాలుగే వాక్యాలు. "ఆయన మంచివారే, పల్లెత్తు మాట అనరు." "ఒకటో తారీఖున జీతం పడగానే తన అకౌంటుకి వేసుకుంటారు, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది." "ఆదివారం రైతు బజారుకి ఐదు వందలిస్తారు." "మొన్న బాబు బాక్సులోకి గుడ్లు కొనడానికి తెలుగు టీచరు దగ్గర రెండు వందలు చేబదులు తీసుకున్నాను." ఈ నాలుగు వాక్యాలే అసలు ఉత్తరం. ఊళ్లో పిల్లలకి శాతాలూ వడ్డీలూ నేర్పే మనిషి తన ఖాతాలో ఎంత ఉందో తెలియక గుడ్లకి అప్పు చేయడం ఎంత తప్పో, మీరు దాన్ని ఇంటి పద్ధతిగా చెప్పుకోవడం అంతకన్నా తప్పు. భర్తకి చెప్పకుండా రూపాయి దాచమని నేనెవరికీ చెప్పను. కానీ తన కష్టార్జితాన్ని భర్త చేతిలోంచి వారానికింతని పుచ్చుకోవడం కాపురం కాదు. స్త్రీ తన నైపుణ్యంతో, కష్టంతో సంపాదించింది పూర్తిగా ఆమెదేనని 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. చట్టం పేరెత్తి పోట్లాడమనడం లేదు. మీకు తెలిసి ఉంటే మాట తడబడదని చెబుతున్నాను.

పని పదో తారీఖు, ఇరవయ్యో తారీఖు మధ్య పెట్టుకోండి. ఒకటో తారీఖు దగ్గర చేస్తే గొడవ జీతం చుట్టూ తిరుగుతుంది. హాఫ్ డే సీఎల్ పెట్టి, జీతం ఖాతా ఉన్న బ్రాంచికి పాస్‌బుక్, ఆధార్‌తో వెళ్లి, మొబైల్ నంబరు మార్పు ఫారం ఇవ్వండి. మీ చేతిలోని ఫోన్‌లో ఉన్న సిమ్ నంబరే రాయండి, యూపీఐకి అదే కావాలి. మార్పు పడ్డట్టు మెసేజ్ వచ్చాక పాత ఏటీఎం కార్డు బ్లాక్ చేయించి కొత్తది అడగండి. పిన్ మీరే పెట్టుకోవాలి, ఎవరికీ చెప్పకూడదు. సంతకం తేడా వస్తే ఫారం తిప్పి పంపుతారు, ఉద్యోగంలో చేరినప్పుడు ఖాతా తెరిచిన సంతకమే చేయండి. ఆ రోజే ఆర్నెల్ల స్టేట్‌మెంటు తీసుకుని పే స్లిప్ పక్కన పెట్టి చూడండి. బేసిక్, డీఏ మీద 10 శాతం సీపీఎస్, ఏపీజీఎల్ఐ (ప్రభుత్వ ఉద్యోగుల జీవిత బీమా), నెలకి వృత్తిపన్ను 200 పోగా చేతికి ఎంత వస్తోందో, ఎక్కడికి పోతోందో తెలుస్తుంది. ఫ్లాటు లోను ఈఎంఐ ఆయన ఖాతాలోంచి వెళ్తోందని రాశారు. ఆ తేదీకి రెండు రోజుల ముందే ఆ మొత్తం మీరు పంపాలి. ఈఎంఐ తప్పితే మాట మీ మీదికే వస్తుంది. మీ జీతంతో కట్టే ఫ్లాటు దస్తావేజులో మీ పేరుందా? ఈసీ (ఆస్తి ఎవరి పేరున రిజిస్టరైందో చూపే కాగితం) తీయించి చూసుకోండి.

ఆయనతో మాట మాత్రం బ్యాంకుకి వెళ్లకముందే అనాలి, దొంగచాటు వద్దు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, అత్తగారు పడుకున్నాక. "ఏవండీ, ఈ నెల నుంచి నా జీతం నా అకౌంటులోనే ఉంటుంది. ఈఎంఐ నేను పంపిస్తాను, పాప ఫీజు నేను కడతాను. మిగిలిన ఖర్చులు ఇద్దరం కూర్చుని రాసుకుందాం." ఇంతే. వివరణ ఇవ్వడం మొదలుపెడితే అడుక్కుంటున్నట్టు ఉంటుంది. ఆయన "నా మీద నమ్మకం లేదా?" అంటారు, నూటికి తొంభై మంది అనే మాట అదే. "ఉందండీ. మీ జీతం మీ దగ్గరుంటే నేనెప్పుడైనా అలా అడిగానా?" అనండి. రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. పల్లెత్తు మాట అనని మనిషి అలిగితే ఇంట్లో గాలి బరువెక్కుతుంది, మీరు కరిగిపోతారు. కరగొద్దు. ఆ రెండు రోజులూ అన్నం పెట్టండి, మామూలుగా పలకరించండి, చెప్పినమాట మాత్రం మార్చొద్దు. అత్తగారిని మధ్యలోకి తెస్తే, "ఇది మనిద్దరి మాట" అని అక్కడే ఆపండి.

దొండకాయ వేపుడు సంగతి మరుసటి ఆదివారం చెప్పండి. రెండూ ఒకేసారి పెడితే ఆయన వేపుడు గురించి దెబ్బలాడి జీతం మాట దాటేస్తారు.

బ్యాంకుకి పాపని వెంటబెట్టుకెళ్లండి. ఫారం ఎలా నింపాలో చూస్తుంది. కొత్త కార్డు రాగానే మొట్టమొదట ఆ తెలుగు టీచరు రెండు వందలూ ఇచ్చేయండి.