పెర్ల్ హార్బర్ దాడి రూజ్వెల్ట్‌కు ముందే తెలుసా?

ప్రశ్న: 1941 డిసెంబర్ 7న హవాయిలోని అమెరికా నౌకా స్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరుగుతుందని అమెరికాకు ముందే తెలుసనీ, యుద్ధంలో దిగడానికి సాకు కోసమే అధ్యక్షుడు రూజ్వెల్ట్ ఊరుకున్నాడనీ అంటారు. జపాన్ రహస్య సంకేతాలన్నీ వాళ్లు చదివేస్తున్నారట కదా?

జవాబు: అన్నీ కాదు. 1940 సెప్టెంబర్‌లో అమెరికా సైన్యం ఛేదించిన 'పర్పుల్' సంకేతం జపాన్ విదేశాంగ శాఖది. దాడి పథకం ఆ శాఖ రాయబారులకే తెలియదు. జపాన్ నౌకాదళం వాడింది జేఎన్-25 అనే వేరే సంకేతం. మాటకో ఐదంకెల సంఖ్య, దానికి మరో పట్టికలోని సంఖ్య కలిపి పంపేవారు. 1940 డిసెంబర్‌లో కోడ్ పుస్తకం మార్చేశారు. దాడి నాటికి అందులో కొద్ది భాగమే అమెరికన్లకు అర్థమయ్యేది.

ఎవరైనా ఓ సందేశాన్ని రుజువుగా చూపిస్తే అది గాలిలో పట్టుకున్న తేదీతో సరిపెట్టుకోకండి, అనువాదం ఎప్పుడైందో అడగండి. 1941లో పట్టుకున్న నౌకాదళ సందేశాలు అనేకం యుద్ధం ముగిశాక, 1945-46లో విప్పినవి.

అయితే ఒక్కదాన్ని కొట్టిపారేయలేం. రేవును ఐదు భాగాలు చేసి ఏ ఓడ ఎక్కడుందో చెప్పమని సెప్టెంబర్ 24న టోక్యో హవాయిలోని హొనొలులులో ఉన్న తన కాన్సులేట్‌ను అడిగింది. అక్టోబర్ 9కి అనువాదమై వాషింగ్టన్ చేతిలో ఉంది. అయినా పసిఫిక్ నౌకాదళాధిపతి కిమ్మెల్‌కు పంపలేదు. మనీలా, పనామాల నుంచి కూడా ఓడల వివరాలు అడుగుతుండడంతో ఇదీ అలాంటిదే అనుకున్నారు. క్షమించరాని నిర్లక్ష్యమే అది, కానీ కుట్ర అనడానికి చాలదు. కావాలని దాచేవాళ్లే అయితే నవంబర్ 27న యుద్ధ హెచ్చరిక పంపేవారు కాదు. అది అందాక హవాయిలోని సైన్యాధిపతి షార్ట్ విధ్వంసకారుల భయంతో, కాపలాకు సులువని విమానాలను పక్కపక్కనే నిలబెట్టించాడు. బాంబులకు అవే సులువుగా దొరికాయి.

ప్రశ్న: మరి విమానవాహక నౌకలు ఒక్కటీ రేవులో లేవే?

జవాబు: ఎంటర్‌ప్రైజ్ వేక్ దీవికి ఫైటర్లు దింపి తిరిగొస్తోంది. డిసెంబర్ 6కే చేరాల్సింది, వాతావరణం బాగోక ఆలస్యమైంది. దాని విమానాలు కొన్ని ఆ ఉదయం సరిగ్గా దాడి మధ్యలోకే వచ్చిపడ్డాయి. లెక్సింగ్టన్ మిడ్వే దారిలో, సారటోగా శాన్ డియాగోలో ఉన్నాయి.

ప్రశ్న: చివరి హెచ్చరిక ఎందుకు అందలేదు?

జవాబు: చర్చలు ముగిస్తున్నట్టు చెప్పే 14 భాగాల నోట్‌ను మధ్యాహ్నం 1 గంటకు అమెరికా ప్రభుత్వానికి అందజేయాలని జపాన్ తన రాయబారులకిచ్చిన ఆదేశం ఆ ఉదయమే వాషింగ్టన్‌లో విప్పారు. హవాయిలో అప్పటికి 7:30 అవుతుంది. హవాయిని హెచ్చరించడానికి వాషింగ్టన్‌లోని సైన్యాధ్యక్షుడు మార్షల్ ఫోన్‌ను నమ్మలేదు. సైన్యం రేడియో ఆ పూట హొనొలులుకు అందలేదు. హెచ్చరికను మామూలు టెలిగ్రామ్‌గా, అత్యవసరమన్న గుర్తు కూడా లేకుండా పంపారు. హొనొలులుకు 7:33కు చేరింది. 7:55కు బాంబులు పడ్డాయి. టెలిగ్రామ్‌ను విప్పి షార్ట్‌కు అందించేసరికి మధ్యాహ్నం దాటింది.